నలభై ఒకటో నంబరు నాడి

నలభై ఒకటో నంబరు మనిషి పోయి మూడు నెలలు దాటినా అతని కార్డులు రావడం మానలేదు.

మొదటిది ఏప్రిల్‌లో వచ్చింది. బతికుండగా రాసి పెట్టుకున్న కార్డును ఎవరో ఆలస్యంగా డబ్బాలో వేసి ఉంటారని దెబోరా అనుకుంది. మేలో రెండోది వచ్చింది. దాన్ని ఆమె బొత్తి అడుగున పెట్టి, పైన వేరే కార్డులు పేర్చింది. మూడోది జూన్ చివర్లో, తొలి వానలకు తడిసి అంచులు ఉబ్బి వచ్చింది. నంబరు 41. నాడి 61. ‘ఈ నెలలో కళ్ళు తిరిగాయా?’ అన్న ప్రశ్న పక్కన టిక్కు పెట్టి ఉంది.

చచ్చిపోయిన మనిషికి కళ్ళు తిరిగాయి.

ఆమె అడుగున దాచిన రెండు కార్డులనూ తీసి, మూడింటినీ బల్లమీద వరుసగా పరిచింది. డెబ్బై, అరవై ఆరు, అరవై ఒకటి. చేతిరాత ఒకటే. డెబ్బైలోని ఏడుకు నడుము దగ్గర చిన్న అడ్డగీత. అంతకుముందు, అంటే మనిషి బతికున్నప్పుడు వచ్చిన అయిదు కార్డులనూ ఫైల్లోంచి తీసి పక్కన పెట్టింది. వాటన్నిటి మీదా డెబ్బై. అన్నిటికీ అదే అడ్డగీత.

భిలాయి ఆసుపత్రిలో ఆ గదికి కిటికీ ఒకటే. అందులోంచి చూస్తే ఉక్కు ప్లాంటు పొగగొట్టాలు కనిపిస్తాయి. గోడకు నాలుగు ఊళ్ళ పేర్లు రాసిన చార్టు వేలాడుతూ ఉంటుంది: భిలాయి, రాయపూర్, నాగపూర్, విశాఖపట్నం. గుండె లయ తప్పినవాళ్ళకు ఛాతీ మీద చర్మం కింద చిన్న మిషను పెట్టి, దాన్నుంచి ఒక తీగను గుండెలోకి దింపుతారు. ఆ తర్వాత వాళ్ళు ఎలా ఉన్నారో, ఎవరికి ఏ కీడు జరిగిందో నాలుగు ఊళ్ళ ఆసుపత్రులూ దాచుకోకుండా ఒకే చోట రాసుకోవాలని ఒప్పుకున్నాయి. దానికి రిజిస్ట్రీ అని పేరు పెట్టారు. ప్రతి రోగికీ పన్నెండు కార్డులిస్తారు. పేరు రాయకూడదు, నంబరే. నెలకోసారి, పొద్దున్న లేవగానే నిమిషంపాటు నాడి లెక్కపెట్టి, అంకె వేసి పోస్టు చెయ్యాలి. మిషనును డెబ్బైకి కట్టి ఉంచుతారు కనుక నాడి అంతకు తగ్గకూడదు. తగ్గితే తీగలోనో మిషనులోనో లోపం ఉన్నట్టు.

ఈ పని దెబోరాకు ఎవరూ అప్పగించలేదు. ఆమె తెలుగు బడిలో టీచరు. బడి మధ్యాహ్నం ఒంటిగంటకు వదులుతారు. ఏడాదిన్నర కిందట ఆమె భర్త దేవానందానికి ఇక్కడే మిషను పెట్టారు. రైలుపట్టాల మిల్లులో ఫోర్‌మన్‌గా చేసిన మనిషి. తీగ మొన లోపల గీరుకుని, గుండె చుట్టూ నెత్తురు చేరి మూడో రోజు పోయాడు. సమాధి కార్యక్రమం అయిన వారానికి ఆమె డాక్టర్ డేవిడ్‌రాజ్ దగ్గరికి వచ్చి ఒకే ఒక్క మాట అడిగింది.

“ఇలా ఎంతమందిలో ఒకరికి జరుగుతుందండీ?”

డాక్టరు “తెలియదు టీచరుగారూ. ఇప్పటిదాకా ఇక్కడ ఎవరూ లెక్కపెట్టలేదు,” అన్నాడు.

నాలుగు ఆసుపత్రులతో మాట్లాడి రిజిస్ట్రీ మొదలుపెట్టింది ఆయనే. కార్డులు చదవడానికీ, తెలుగువాళ్ళకు ఫోన్లు చెయ్యడానికీ ఆమె తనంతట తానే వచ్చి కూర్చుంది. అందులో మరణాలకు ఒక వరుస ఉంది. భిలాయి తరఫున ఆ వరుసలో రెండే అంకెలున్నాయి. ఏడు, అంటే దేవానందం; రిజిస్ట్రీకి ముందు మిషను పెట్టినవాళ్ళకూ నంబర్లిచ్చారు. నలభై ఒకటి, అంటే గురునాథరావు. మొన్న మార్చి వరకూ ఏడు ఒక్కటే ఉండేది. దాని పక్కన ఇంకో అంకె చేరిన రోజు దెబోరాకు కొంచెం ఊపిరాడినట్టయింది. అలా ఎందుకయిందో తనను తాను అడగలేదు. ప్లాంటు నుంచి వచ్చిన మెడికల్ బుక్కుల రద్దు జాబితాలో గురునాథరావు పేరెదుట ‘మరణం’ అని ఉంది. దాన్ని చూసే అంకె వేశారు. ఆ ఇంటికి వెళ్ళి, ఎలా పోయాడో అడిగి రాయవలసింది ఆమే. వెళ్ళలేదు. అలాంటి ఇల్లు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు.

కంప్యూటరు దగ్గర కూర్చునే సతీష్‌కుమార్ కుర్చీ తిప్పి కార్డుల వంక చూశాడు. భిలాయిలోనే పుట్టి పెరిగినవాడు. నాలుక మీదికి ముందు హిందీ వస్తుంది.

“అరే మేడమ్, యే తో భూత్ హై! నేను ఏప్రిల్‌లోనే చెప్పాను.”

“ఊరుకో సతీష్.”

“కాదు మేడమ్, నా బాధ వినండి. ‘మరణం’ అని కొట్టగానే నాడి గడి మూసుకుపోతుంది. ఇప్పుడీ అరవై ఒకటిని ఎక్కడ కొట్టమంటారు? భూతాలకి వేరే గడి చేయించండి, సర్‌తో చెప్పి.”

దెబోరా నవ్వలేదు. కార్డులు తీసుకుని డాక్టరు గదికి వెళ్ళింది.

డేవిడ్‌రాజ్ మూడింటినీ చూసి పక్కన పెట్టాడు. “మిగిలిన కార్డులు ఇంట్లో ఉండిపోయి ఉంటాయి. పిల్లలు నింపి డబ్బాలో వేస్తున్నారేమో.”

“ముప్పై ఏళ్ళుగా పిల్లల రాతలు దిద్దుతున్నానండీ. పిల్లలు ఆడుకుంటే అన్నిటిమీదా డెబ్బై వేస్తారు. లేదా వంద వేస్తారు. నాలుగూ అయిదూ చొప్పున దించుకుంటూ రారు.”

డాక్టరు కార్డును మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

“బతికున్నవాడి కార్డే అయితే ఈపాటికి నేను అంబులెన్సు పంపి ఉండేవాణ్ణి,” అన్నాడు నెమ్మదిగా.

మర్నాడు బడి వదలగానే ఆమె ప్లాంటు ఉద్యోగుల క్వార్టర్లుండే రుఆబాంధా వెళ్ళింది. వాన లేదు గాని మబ్బు దిగి ఉంది. క్వార్టరు తలుపు తీసింది గురునాథరావు భార్య లక్ష్మీకుమారి. నలభై దాటని మనిషి. ఉత్తరాంధ్ర నుంచి పెళ్ళయి ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్ళయినా మాట మారలేదు.

“ఏటమ్మా, ఇప్పుడొచ్చినారు? మార్చిల ఎవురూ రాలేదు కదా ఆసుపత్రోలు.”

“రావలసింది. రాలేదు. తప్పు నాదే.”

ఆ మాటకు లక్ష్మీకుమారి పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. ముందుగదిలో గోడమీద గురునాథరావు ఫొటో ఉంది. ప్లాస్టిక్ పూలదండ. గుండ్రటి ముఖం, ఒత్తు కనుబొమలు, ఎడమ చెవి పక్కకు వంగిన పాపిడి. దెబోరా కార్డులు చూపించి, సెప్టెంబరులో మిషను పెట్టినప్పుడు ఇచ్చినవి ఇంట్లో ఏమైనా మిగిలాయా అని అడిగింది.

“మిషనేటి?”

“గుండెకు పెట్టిన మిషను.”

“మా ఆయనకి గుండెజబ్బేటమ్మా? గుండె బండలాగుండీది. కుమ్హారి ఊళ్ల పెళ్ళికెళ్ళొచ్చి జొరంతో పడినాడు. మలేరియా మెదడుకెక్కీసింది. మూడ్రోజులు. ఆఖరి తానం నాను దగ్గరుండి సేయించినాను. ఒంటిమీద గాటన్నది లేదు...”

అక్కడ ఆగిపోయింది. తనేం చెప్పిందో తనకే అప్పుడు వినబడినట్టు అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

ఫ్యాను తిరుగుతోంది. దండ కొద్దికొద్దిగా గోడకు రాసుకుంటోంది.

దెబోరాకు విషయం అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ ఊళ్ళో అది అందరికీ తెలిసిన సంగతే. ఉచిత వైద్యానికి ప్లాంటు ఇచ్చే మెడికల్ బుక్కు ఉద్యోగికీ, భార్యాబిడ్డలకీ, తల్లిదండ్రులకీ చెల్లుతుంది. అన్నదమ్ములకు చెల్లదు. ఊరినుంచి వచ్చిన బావమరిదో తమ్ముడో వారంపాటు పేరు మార్చుకుని, కంటి ఆపరేషనో హెర్నియానో చేయించుకుని రైలెక్కి వెళ్ళిపోయేవాడు. దాన్ని ఎవరూ మోసం అనుకునేవారు కాదు. ‘బుక్కు మీద చూపించుకున్నాడు’ అనేవారు, అంతే. ముఖం కలిస్తే చాలు.

“లోపల తీగ చెడిపోతోంది. ఆ మనిషి ఎవరో చెప్పండి. బతకాలి కదా.”

లక్ష్మీకుమారి ఫొటో వంక చూడకుండా దాని కిందికి వెళ్ళి నిలబడింది. “మీరు రాసీసినారు కదా పోనాడని. అలగే ఉండనీండి. పోయినోణ్ణి మళ్ళీ లేపకండి.”

దెబోరా మెట్లు దిగుతుంటే వెనక గడియ పడిన చప్పుడైంది.

ఇంటికి వచ్చి మూడు కార్డులనూ కిటికీ వెలుగులో పెట్టి చూసింది. రెండింటి మీద పోస్టాఫీసు ముద్ర అలుక్కుపోయింది. మూడోదాని మీద సగం నిలిచింది. జాముల్.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి నుంచే ఆటోలో జాముల్ వెళ్ళింది. సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము వానకు తడిసి, రోడ్డు మీదా, చెట్ల మీదా, రేకుల కప్పుల మీదా బూడిదరంగు పెచ్చుకట్టి ఉంది. ఆకు కదిలితే గలగలమనేది. కాంట్రాక్టు కూలీల గదులు ఒక బారుగా ఉన్నాయి. మొదట్లో నూకాలమ్మ అనే ఆవిడ టీకొట్టు. దెబోరా అక్కడ ఆగి, గుండెకు మిషను పెట్టించుకున్న తెలుగాయన ఎవరైనా ఉన్నారా అని అడిగింది.

“గురునాథరావే కదేటి?” అంది నూకాలమ్మ గ్లాసులు కడుగుతూ. “ఆ సివర గది. బేగి ఎల్లండి, తొంగున్నాడంటే లెగడు.”

దెబోరా గ్లాసుల మీంచి ఆమె ముఖంలోకి చూసింది. “ఏ గురునాథరావు?”

“ఎంతమందున్నారేటమ్మా మాకు? ఉన్నోడొకడే.”

పట్టపగలు. ఎండ కూడా వచ్చింది. అయినా ఆ బారు వెంబడి నడుస్తుంటే దెబోరా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. చివరి గది తలుపు తీసే ఉంది. గుమ్మానికి ఎదురుగా మంచం మీద ఒక మనిషి కూర్చుని గ్లాసులో టీ ఊదుకుంటున్నాడు. గుండ్రటి ముఖం, ఒత్తు కనుబొమలు, ఎడమ చెవి పక్కకు వంగిన పాపిడి. దండ ఒక్కటే లేదు.

“గురునాథరావు గారా?” అంది ఆమె.

“అవునమ్మా.”

“ఆయన ఫొటోకి దండ వేసి ఉంది. మొన్న చూసి వచ్చాను.”

అతను గ్లాసు కింద పెట్టాడు. ఆమె చేతిలో కార్డు చూశాడు. “అందిందేటమ్మా? తడిసిపోనాదేమో అనుకున్నాను.”

అతని పేరు తాతబ్బాయి. గురునాథరావుకు ఏడాదిన్నర చిన్న. శ్రీకాకుళం దగ్గర పొలం పనిలో రెండుసార్లు తెలివితప్పి పడిపోతే అన్న ఇక్కడికి రప్పించి, తన బుక్కు మీద మిషను పెట్టించాడు. ఆ తర్వాత ఊరికి పోకుండా సిమెంటు ఫ్యాక్టరీలో తేలిక పని చూసుకున్నాడు. ఇదంతా దాపరికం లేకుండానే చెప్పాడు. ఆమె చిక్కుకున్నది ఆ తర్వాతి మాట దగ్గర.

“మరి ఇక్కడ అందరూ మిమ్మల్ని ఆయన పేరుతో పిలుస్తున్నారేం?”

“నానే అలగ పిలవమన్నాను. అన్నయ్య పోయినాక ఆ పాత గది కాలీ సేసి ఇక్కడికొచ్చినాను, నా పేరెరిగినోలు లేనిసోటికి.” గొంతు తగ్గించాడు. “సూడమ్మా, ఆగిపోవాల్సింది నా గుండి. మిషనెట్టినారు, ఆగలేదు. పైనోలు ఊరుకుంటారేటి? ఎతుక్కుంటా ఒచ్చినారు. కాయితం మీద ఎవుడి పేరుంది? అన్నయ్యది. ఆ పేరున్నోణ్ణి పట్టుకుపోనారు. ఆరునెల్లు పట్టింది ఆలకి, గాని తప్పు మనిషిని తీసుకుపోనారు.”

“అది మలేరియా జ్వరం.”

“రోగం పేరు ఏదైతే ఏటమ్మా? ఇప్పుడా పేరు మీద పని అయిపోనాది. మళ్ళీ రారు. తాతబ్బాయని పలికినానంటే అప్పుడే నా పని.”

“మరి కార్డులు ఎందుకు పంపుతున్నారు?”

“డాక్టరుబాబు మానొద్దన్నాడు. పేరెయ్యొద్దు, నంబరే ఎయ్యమన్నాడు. పేరు లేదు కదా అని ఏసినాను.”

ఆమె స్టూలు దగ్గరికి జరుపుకుని అతని మణికట్టు పట్టుకుంది. రెండో చేతిలో గడియారం. వేళ్ళ కింద దెబ్బ తగిలింది. ఇంకోటి. ఇంకోటి. ఆ తర్వాత ఏమీ లేదు. ముల్లు నడుస్తోంది, చెయ్యి వెచ్చగానే ఉంది, అతను ఆమె ముఖంలోకే చూస్తున్నాడు, లోపల మాత్రం ఎవరూ లేరు. ఆమె ఊపిరి బిగబట్టింది. మళ్ళీ దెబ్బ తగిలింది. నిమిషం అయ్యేసరికి యాభై నాలుగు. అలాంటి ఖాళీలు ఆరు. ఒకదానికంటే ఒకటి పొడుగు.

“ఆసుపత్రికి రండి. తీగ మారుస్తారు. కాని గురునాథరావు చనిపోయినట్టు రాసి ఉంది. చనిపోయినవాడికి ఆపరేషను చెయ్యరు. మీ పేరు మీరు చెప్పాలి.”

“అది మాత్రం అడక్కండి.”

దెబోరా ఎవరిదగ్గరా తన సంగతి చెప్పుకునే మనిషి కాదు. ఆ గదిలో చెప్పింది. “మావారిది కూడా ఇదే మిషను. కాగితాల మీద పేరు సరిగ్గా ఉంది. చేతికి కట్టిన పట్టీ మీద కూడా సరిగ్గా ఉంది, నేనే చదివాను. సొంత పేరుతోనే వెళ్ళారు. మూడో రోజు పోయారు. పేరుకీ దానికీ ఏ సంబంధమూ లేదు తాతబ్బాయి గారూ.”

ఆ పేరు వినగానే అతను గుమ్మం వైపు చూశాడు. బయట ఎవరూ లేరు. బూడిద పట్టిన వేపచెట్టు గలగలమంది. అతను నిజమైన జాలితో అడిగాడు.

“మరి ఆ బాబు ఎవురి బదులు పోనాడమ్మా?”

ఆమె గొడుగు తీసుకుని లేచింది.

సాయంత్రం డేవిడ్‌రాజ్ ఇంటికి వెళ్ళి అంతా చెప్పింది. ఆయన నాడి అంకె విని లేచి నిలబడ్డాడు. “బుక్కు గొడవ తర్వాత నేను చూసుకుంటాను. ధర్మవార్డులో చేర్చుకుంటాను. తన పేరు తన నోటితో చెప్పి సంతకం పెడితే చాలు. వారం ఆగడం కూడా ప్రమాదమే టీచరుగారూ. ఆ ఖాళీల్లో ఏదో ఒకటి ఇక తిరిగి రాదు.”

సోమవారం ఆమె మళ్ళీ రుఆబాంధా వెళ్ళింది. లక్ష్మీకుమారి తలుపు సగమే తీసింది. దెబోరా లోపలికి రానిమ్మని అడగలేదు.

“మీ మరిది నాడి యాభై నాలుగుకి దిగింది. నా మాట వినడం లేదు. పేరు చెప్పనంటున్నాడు. జాముల్‌లో టీకొట్టావిడ దగ్గర్నుంచీ అందరూ అతన్ని గురునాథరావు అనే పిలుస్తున్నారు.”

తలుపు పూర్తిగా తెరుచుకుంది. “ఏటీ?”

“అతనే అలా పిలవమన్నాడట. ఆ పేరు మీద చావు అయిపోయింది, మళ్ళీ రారు అంటున్నాడు.”

“పిలిస్తే పలుకుతన్నాడా?”

“పలుకుతున్నాడు.”

లక్ష్మీకుమారి గుమ్మం పట్టుకుని అలాగే నిలబడింది. “నాలుగు నెల్లయింది నోటితో ఆ పేరనుకుని,” అంది చివరికి. “అనుకుంటే పలకడని తెలుసు. జాముల్ల ఎవుడో టీకొట్టుకాడ కేకేస్తే ‘ఆఁ’ అంటన్నాడా?”

దెబోరా తల ఊపింది.

మంగళవారం పదిగంటలకు రిజిస్ట్రీ గది కిటికీలోంచి ఆమె చూసింది. ఆసుపత్రి గేటు దగ్గర ఆటో ఆగింది. ముందు లక్ష్మీకుమారి దిగింది. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని ముసలివాడిలా తాతబ్బాయి దిగాడు. రెండు రోజుల్లో మనిషి రంగు మారిపోయింది. ఆ రోజు బడికి సెలవు పెట్టి రావడం మంచిదైందనుకుంటూ దెబోరా కిందికి పరిగెత్తింది.

వరండాలో బెంచీలన్నీ నిండి ఉన్నాయి. మిషను నంబరు చూసి ఎవరో పాత ఫైలు తెచ్చి బల్లమీద పడేశారు. నర్సు అట్టమీది పేరు చదివి కేక పెట్టింది. “గురునాథరావ్! గురునాథరావ్ కౌన్ హై?”

తాతబ్బాయి లేవబోయాడు. నాలుగు నెలల అలవాటు. లక్ష్మీకుమారి అతని చొక్కా అంచు పట్టి లాగింది.

“కూకో.”

“వొదినా, నా మాటిను...”

“ఆ పేరు నాది. ఇచ్చీ.” గొంతు పెద్దదేమీ కాదు. అయినా పక్క బెంచీలవాళ్ళు కూడా తిరిగి చూశారు. “నువ్వు బతకడానికి ఆయన బుక్కిచ్చినాడు. పేరు ఇచ్చినాడేటి? నువ్వా పేరు మీద తిరిగితే ఆయన పోనట్టా? నాను మరెవురి కోసం ఏడవాల?”

నర్సు మూడోసారి పిలిచింది. అప్పుడు లక్ష్మీకుమారి బల్ల దగ్గరికి నడిచి వెళ్ళింది. “వో నహీ రహే సిస్టర్, పోనారు,” అంది. “మార్చి బారా తారీఖ్. నాను ఆయన భార్యని.” తర్వాత వెనక్కి తిరిగి మరిది వైపు చూసింది, అంతే. ఎదురుచూస్తూ నిలబడింది.

తాతబ్బాయి పెదవులు తడుపుకున్నాడు. వరండా కొస దాకా ఒకసారి చూశాడు.

“తాతబ్బాయి,” అన్నాడు. “నా పేరు తాతబ్బాయి.”

అన్నాక అతను కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచేదాకా దెబోరా కూడా కదలలేకపోయింది.

పన్నెండింటికి లోపలికి తీసుకెళ్ళారు. రెండున్నరకు డాక్టరు బయటికి వచ్చాడు. తీగ మీది తొడుగు భుజం ఎముక కింద రెండు చోట్ల చిట్లిందనీ, కొత్తది వేశాననీ, ఇప్పటికి బాగానే ఉన్నాడనీ చెప్పాడు. “ఈ రకం తీగ మనం ఇంకా ఎవరికి వేశామో చూడండి. నాలుగు ఊళ్ళలోనూ.”

సతీష్ వెతికాడు. తొమ్మిదిమంది. అందులో అయిదుగురు విశాఖపట్నంలో. ఆ సాయంత్రమే వాళ్ళందరినీ పరీక్షకు రప్పించమని మూడు ఆసుపత్రులకూ ఫ్యాక్సులు వెళ్ళాయి. తెలుగు ఉత్తరాలు దెబోరా రాసింది. భయపెట్టకుండా, అలాగని తేలిగ్గా తీసుకోకుండా ఉండేట్టు ఒక్కో వాక్యాన్ని రెండు మూడుసార్లు దిద్దింది.

“మేడమ్,” అన్నాడు సతీష్, ఈసారి వేళాకోళం లేకుండా. “నలభై ఒకటిని ఏం చెయ్యను?”

“మరణాల వరుసలోంచి తీసెయ్యి. పేరు దిద్ది, నాడి గడి తెరువు.”

“కారణం అడుగుతోంది.”

“విచారించకుండా రాశాం అని పెట్టు. నా పేరు వెయ్యి.”

అతను మీట నొక్కాడు. వరుసలో ఏడు ఒక్కటే మిగిలింది. దానికి అటు ఏమీ లేదు, ఇటు ఏమీ లేదు. దెబోరా దాన్ని చూస్తూ కూర్చుంది. ఎవరి బదులూ కాదు, అనుకుంది. జాముల్‌లో చెప్పలేకపోయిన జవాబు అదే. చెప్పి ఉన్నా అతనికి అది సాయపడేది కాదు. తనకు సాయపడుతుందో లేదో ఇంకా తెలియదు.

అయిదింటికి ఆమె వార్డుకు వెళ్ళింది. తాతబ్బాయి మూడో మంచం మీద ఉన్నాడు. తల దగ్గర యంత్రం నిమిషానికి డెబ్బైసార్లు కూస్తోంది. అతను నిద్రపోవడం లేదు. కళ్ళు గుమ్మం మీదే ఉన్నాయి.

“రాసినారా అమ్మా, నా పేరు?”

“రాశాను.”

“పొద్దుగూకేలోపల ఒస్తారు.”

“రానీ,” అంది లక్ష్మీకుమారి. గుమ్మం పక్కన స్టూలు వేసుకుని, కొంగు నడుముకు దోపి కూర్చుని ఉంది. “నాను ఈడే ఉన్నాను కదా. మా ఇంటినుంచి ఒకమారు పట్టుకుపోనారు, ఇంక మీకు బాకీ లేదని సెప్తాను.”

ఇలాంటివి దెబోరా నమ్మదు. ఆమె పెరిగిన ఇంట్లో, ఆమె వెళ్ళే చర్చిలో అలాంటి మాటలు లేవు. అయినా ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. ఇంకో స్టూలు తెచ్చి గుమ్మానికి రెండోవైపు వేసుకుంది. షిఫ్టు సైరను మోగింది. కిటికీల్లో ఎరుపు తగ్గి, వార్డు మూలల్లోంచి చీకటి మొదలైంది. ఇంకా దీపాలు వెయ్యలేదు.

అప్పుడు వరండా చివర్నుంచి అడుగులు వినబడ్డాయి. తొందర లేని అడుగులు. ఒక్కో గుమ్మం దగ్గరా ఆగుతున్నాయి, మళ్ళీ కదులుతున్నాయి. లక్ష్మీకుమారి స్టూలు అంచు పట్టుకుంది. వెనక మంచం మీద తాతబ్బాయి ఊపిరి గట్టిగా వినబడింది.

వచ్చినవాడు పొడుగాటి మనిషి. ఖాకీ చొక్కా. చంకలో అట్ట, అట్టకు బిగించిన కాగితం. ముఖం చీకట్లో సరిగ్గా కనబడలేదు. వాళ్ళిద్దరి ఎదుటా ఆగి కాగితం కళ్ళ దగ్గరగా పెట్టుకున్నాడు.

“తీన్ నంబర్ బెడ్,” అన్నాడు. “నామ్?”

లక్ష్మీకుమారి నోరు తెరిచింది. పొద్దుటి నుంచీ కూడగట్టుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. ఆమె దెబోరా వంక చూసింది. రేపటి భోజనాల జాబితా రాసుకునే మనిషి అని దెబోరాకు తెలుసు. ఏడాదిన్నర కిందట ఇదే వార్డులో ఇతనో ఇలాంటివాడో వచ్చి ఇలాగే అడిగాడు. తనే దేవానందం పేరు చెప్పింది, తప్పులేకుండా.

వేరే పేరు చెప్పవచ్చు. ఏ పేరైనా చెప్పవచ్చు.

“తాతబ్బాయి,” అంది. అతనికి అర్థం కాకపోతే ఒక్కో అక్షరం విడదీసి మళ్ళీ చెప్పింది.

అతను కాగితం మీద రాసుకున్నాడు. లోపలికి వచ్చాడు. మూడో మంచం దగ్గర ఒక్క క్షణం ఆగి, పడుకున్న మనిషిని పైనుంచి కిందికి చూశాడు. యంత్రం కూస్తూనే ఉంది. దెబోరా లెక్కపెడుతోంది.

అతను పెన్ను చెవిమీద పెట్టుకుని నాలుగో మంచం వైపు కదిలాడు.